మామ్మ బాకీలు

ట్రంకుపెట్టె అడుగున, పాత పంచె ముక్కలో చుట్టి, అరచేతిలో ఇమిడే ఎముక ఒకటి దొరికింది. వంకీ తిరిగి ఉంది, అంచంతా సన్నటి పళ్ళు. మా అమ్మ రంపం ముక్కేమో అంది. చిన్నాన్న రెండడుగులు వెనక్కి వేసి, "ఎవరైనా ఏదైనా చేయించి పెట్టారేమో, ముట్టుకోకండి" అన్నాడు. అత్త ఒక్కతే కాస్త ఆలోచించి, "అమ్మకి దువ్వెనల పిచ్చి కూడా ఉండేదా?" అంది.

పిచ్చి. మా ఇంట్లో మామ్మ కోసం పక్కన పెట్టిన మాట అది. తాతకి చదరంగం అలవాటు, చిన్నాన్నకి క్రికెట్ ఇంట్రస్టు, మామ్మకైతే పిచ్చి. ముగ్గుల పిచ్చి, మొక్కల పిచ్చి, గళ్ళనుడికట్టు పిచ్చి, పిట్టల పిచ్చి, ఫిడేలు పిచ్చి, రాట్నం పిచ్చి. తాత పోస్టుమాస్టరు. ఏ ఊరు బదిలీ అయితే ఆ ఊళ్ళో మామ్మకి కొత్త పిచ్చి ఒకటి పట్టుకునేదని ఇంట్లో అందరికీ నవ్వు. వంటని మాత్రం ఈ లెక్కలో ఎవరూ కలపలేదు, ఆవిడా కలపలేదు. రోజుకి రెండు పూటల చొప్పున అరవయ్యేళ్ళు చేసిన పని సరదా ఎలా అవుతుంది?

అదే మామ్మ పోయేసరికి పిచ్చులన్నీ ఒక్కసారిగా విద్యలైపోయాయి. పెద్దకర్మ నాడు విస్తళ్ళ ముందు కూర్చుని చుట్టాలు చెప్పుకున్నవి వినాలి. ఘంటసాల చదివిన విజయనగరం సంగీత కళాశాలలో ఫిడేలు నేర్చుకుందట. పొందూరులో ఆవిడ వడికిన నూలుతో నేసిన పంచెలు ఢిల్లీ దాకా వెళ్ళాయట. ఆవిడకి రాని విద్య లేదట. బతికుండగా ఈ మాటల్లో ఒక్కటైనా అని ఉంటే ఆవిడ రెండు రోజులు నిద్రపోయేది కాదు, సంతోషంతో.

సంవత్సరీకానికి ఒక చిన్న పుస్తకం వేయిద్దామన్నారు. నాలుగు ఫొటోలు, నాలుగు పేజీల జీవిత చరిత్ర. రాసే పని నాకు పడింది. అరపేజీ రాశాను. చదువుకుంటే ఎవరో సన్మానపత్రం రాసినట్టుంది, అందులో మామ్మ ఎక్కడా లేదు. పక్కన పెట్టేశాను.

ఆ తర్వాత దొరికింది రిజిస్టరు. అదే పెట్టెలో, చీరల మధ్య. పోస్టాఫీసులో పనికిరాదని పక్కన పడేసిన పాత ఖాళీ పుస్తకం. లోపల మామ్మ గుండ్రటి చేతిరాతతో మూడు గడులు: 'తెచ్చినది', 'ఎవరిది', 'ఇచ్చేసిన తేదీ'. పోస్టుమాస్టరు భార్య కదా, ఎంట్రీ లేకుండా ఇంట్లోకి ఏదీ రాదు. మొత్తం ముప్ఫై ఒక్క బాకీలు. జల్లెడ. ఇస్త్రీపెట్టె. ముగ్గుల పుస్తకం. 'ఆనప విత్తులు – గుప్పెడు', దాని ఎదురుగా మరుసటి ఏడు తేదీ వేసి, 'రెండు గుప్పెళ్ళు ఇచ్చాను' అని. మనుషుల పేర్లు రాసే అలవాటు లేదు ఆవిడకి. ఇల్లూ వరసా కలిపి రాసేది. ఊరికి పొడి అక్షరం.

ఇరవై ఏడు కొట్టేసి ఉన్నాయి. నాలుగు మిగిలాయి.

వాలుగ దవడ – చింతచెట్టింటి అప్పది – పొం.
రోజను బిళ్ళ – ఫిడేలు మాస్టారు – వి.
దుర్భిణి – సైన్సు మాస్టారు – టె.
సూది 1 – కో.

ఎముక సంగతి అలా తేలింది. వాలుగ చేప దవడ. చిన్నాన్న ఊపిరి పీల్చుకున్నాడు.

మామ్మ గురించి రాయడం నా వల్ల కాలేదు గానీ, ఆవిడ బాకీలు తీర్చడం చేతనవుతుంది కదా అనిపించింది. సంవత్సరీకంలోగా నాలుగూ ఇచ్చేద్దామనుకున్నాను. అమ్మ, "ఏభై ఏళ్ళ కిందటి మాట. ఎవరున్నారని ఇస్తావే?" అంది. నాలుగోదాన్ని నేనూ లెక్కలో పెట్టుకోలేదు. తాత కోటబొమ్మాళిలో కూడా పనిచేశాడు. సూది పట్టుకుని కోటబొమ్మాళి ఇంటింటికీ ఏం తిరుగుతాను?

జూన్‌లో ఒక ఆదివారం విశాఖపట్నంలో పాసింజరెక్కి పొందూరులో దిగాను. ఆటో అబ్బాయి "ఖద్దరు కొనడానికేనా మేడమ్?" అన్నాడు. దవడ ఇవ్వడానికి అన్నాను. దారంతా అద్దంలోంచి నన్నే చూశాడు.

చింతచెట్టు ఎప్పుడో పోయింది. చింతచెట్టిల్లు మాత్రం ఉంది, అలా అడిగితే ఎవరైనా చూపిస్తారు. అరుగు మీద ఒక ముసలావిడ కాళ్ళు చాపుకుని కూర్చుని ఉంది. గుడ్డ విప్పి చేతిలో పెట్టాను. దాన్ని కంటి దగ్గరగా పెట్టుకుని, బొటనవేలితో పళ్ళ వెంట ఒకసారి రాసి చూసి, అరిచినంత పని చేసింది.

"ఓలమ్మో! ఇది నా దవడే!"

ఆవిడ నోట్లో నాలుగు పళ్ళు కూడా లేవు. నవ్వకుండా ఉండటానికి నా తంటాలు నేను పడ్డాను.

"ఎంతకని ఎతికినానో. రాజమండ్రి వైపు నుంచి తెప్పించుకోవాల ఇవి, ఇక్కడ దొరకవు. మా అత్త తిట్టిన తిట్టు తిట్టకుండా తిట్టినాది. పిల్లెత్తుకుపోనాదని సెప్పీసాను."

పాపం, ఆ పిల్లి ఏభై ఏళ్ళు నింద మోసింది. 1974లో బదిలీ సామాన్లలో దవడ మా పెట్టెలోకి వచ్చేసింది. మామ్మకి తెలిసేసరికి ఊరు మారిపోయింది.

ఆ తర్వాత అప్ప నన్ను వదల్లేదు. వడికే కాలం పోయింది, కళ్ళు కనబడవు, చెయ్యి వణుకుతోంది. కోడలు మాత్రం ఇంకా వడుకుతోంది. ఎదురుగా కూర్చోబెట్టి మొత్తం చేయించి చూపించింది. పొందూరు సన్న ఖద్దరు కొండపత్తితో చేస్తారని, గాంధీగారు తన కొడుకు దేవదాసుని ఇక్కడికి పంపించారని నేను చదివినదాన్నే. చదవడం వేరు. గింజతో ఉన్న పత్తిని చిటికెడు తీసుకుని దవడ పళ్ళ మీద దువ్వుతారు, చంటిపిల్ల తల దువ్వినంత మెల్లగా. ఎండాకు పొడి, నలక అంతా పళ్ళకి చిక్కుకుని పోగులన్నీ ఒకవైపుకి ఒరుగుతాయి. ఏ ఇనుప దువ్వెనతోనూ ఆ పని అవ్వదట, పోగు తెగిపోతుందట. తర్వాత చెక్క మీద పెట్టి సన్నటి ఇనపకడ్డీ దొర్లిస్తే గింజ టప్పున బయటికి వస్తుంది. ఆపైన చిన్న విల్లుతో ఏకడం. దూది పొగలాగా లేస్తుంది. దాన్ని ఏకుల్లా చుట్టి, ఎండిన అరటి దొప్పలో దాస్తారు. దొప్ప లోపలి నునుపుకి ఏకు రేగదు. మా పెట్టెలో ఎండు అరటి దొప్ప ఒకటి దొరికితే, చెత్తనుకుని పారేసింది నేనే.

"మా మామ్మ బాగా వడికేదా?" అని అడిగాను. ఢిల్లీ పంచెల సంగతి నా మనసులో ఉంది.

అప్ప కోడలి వైపు చూసింది. ఇద్దరూ నవ్వారు. నవ్వు ఆపుకుని అప్ప అంది: "మీ మామ్మ నూలు దూడకి పలుపు పేనడానికి పనికొచ్చీది."

"అంత అధ్వానమా?"

"ఇక్కడ నూరో నెంబరు సన్న నూలు తియ్యాలంటే సెయ్యి ఒక్కలాగే నడవాల. ఆవిడికి సెయ్యి నడవదు, నోరు నడుస్తాది." అని, కాసేపాగి, "మరి నోరే కావాల మాకు" అంది.

అప్పట్లో ఆ వీధిలో ఆడవాళ్ళకి చదువు లేదు. మగవాళ్ళు ఖరగ్‌పూర్‌లోనో కలకత్తాలోనో పనుల్లో ఉండేవారు. మామ్మ మధ్యాహ్నం వంటపని అయ్యాక రాట్నం ముందు కూర్చునేది. కుడిచేత్తో చక్రం తిప్పుతూ, ఎడంచేత్తో ఏకు లాగుతూ, ఒళ్ళో ఉత్తరం పెట్టుకుని చదివేది. చుట్టూ వీధంతా. అప్ప కంటే మామ్మే ఎనిమిదేళ్ళు పెద్దట, అయినా పని నేర్పినందుకు తనని అప్పా అని, అంటే అక్కా అని పిలిచేదట.

నా సంచిలో మామ్మ వడికిన చిలప ఒకటి ఉంది. మ్యూజియంలో వస్తువులా పాలిథిన్ కవర్లో పెట్టి తెచ్చాను. తీసి ఇచ్చాను. అప్ప కవరు పక్కన పడేసి, కళ్ళు మూసుకుని, పోగుని బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నుంచి జార్చుకుంటూ పోయింది. ఒకచోట ఆగింది. ఆ ఉండ నా వేలికి కూడా తగిలేలా పట్టి చూపించింది. కందిగింజలో సగం లావుంది.

"ఇదిగో, ఇక్కడేదో కబురొచ్చినాది."

ఇంకో మూర జరిపింది. మళ్ళీ ఉండ. "ఇక్కడ కూడాను." గట్టి కబురు వచ్చినప్పుడల్లా మామ్మ చక్రం ఆపడం మర్చిపోయేదట, చెయ్యి ఆగిపోయేదట, అక్కడ పోగు లావెక్కిపోయేదట. ఎవరి కొడుక్కి పని దొరికిందో, ఎవరి మొగుడు ఈ సంక్రాంతికి కూడా రావడంలేదో ఆ చిలపలో ఉందన్నమాట. ఖాదీ సంఘం వాళ్ళు ఆ నూలు ఒక్కసారి కూడా తీసుకోలేదు.

నన్ను కూడా కూర్చోబెట్టారు. ఇరవై నాలుగు ఆకుల చక్రం, ఒకే కదురు. ఏకు కొసని కదురుకి తగిలించి తిప్పితే, మంచులోంచి దారం పుట్టుకొచ్చినట్టు జానెడు వచ్చింది. తెగింది. మళ్ళీ అతికించింది కోడలు. మళ్ళీ తెగింది. ఏడోసారి తెగాక అప్ప, "సాల్లే, లెగు. మీ మామ్మకి లావొచ్చీది గానీ తెగీది కాదు" అంది.

తిరుగు రైల్లో రిజిస్టరు తీసి తేదీ వేశాను. ఆవిడ గడిలో నా చేతిరాత పడటం కాస్త ఇబ్బందిగానే ఉంది.

విజయనగరం ముచ్చట చిన్నది. 1919లో పెట్టిన ఆ సంగీత కళాశాలకి ఆదిభట్ల నారాయణదాసుగారు మొదటి ప్రిన్సిపాలు. ద్వారం వెంకటస్వామినాయుడుగారి వయొలిన్ మోగిన చోటది. మామ్మ ఆ గుమ్మం ఎక్కలేదు. దాని ముందు నుంచి కూరల సంచితో నడిచి వెళ్ళేది, వినబడినంత వినేది, అంతే. నేర్చుకున్నది మూడు లాంతర్ల దగ్గర వీధిలో, ఇంటి దగ్గర పాఠాలు చెప్పే ఒక మాస్టారి దగ్గర. ఆయన పోయి చాలా కాలమైంది. ఆయన కూతురు డెబ్భైలలో ఉంది, మామ్మతో పాటే అదే చాప మీద కూర్చుని నేర్చుకుందట.

"పోస్టుమాస్టారి భార్యా? గుర్తులేకేం. ఆర్నెల్లు వచ్చారు. సరళీ స్వరాలు దాటలేదు. జంట స్వరాలకి వచ్చేసరికి చెయ్యి వణికి, మళ్ళీ మొదటి నుంచి వాయిస్తానండీ అనేవారు. నాన్నగారు ఎవరినీ అంత ఓపిగ్గా భరించలేదు."

ఫిడేలు కమానుకి రాసే ఆ పాత రోజను పొడైపోయింది. కొత్త బిళ్ళ కొని తీసుకెళ్ళాను. వాళ్ళింట్లో ఇప్పుడు ఫిడేలే లేదు. బిళ్ళని అటూ ఇటూ తిప్పి చూసిన మనవడు, "బ్యాటు పిడికి రాస్తే గ్రిప్పొస్తుందా?" అన్నాడు. రాసుకోమన్నాను. మామ్మ అయితే తనే రాసి, బంతి వెయ్యమని నిలబడేది.

టెక్కలి నవంబర్లో వెళ్ళాను. సైన్సు మాస్టారు లేరు. వాళ్ళబ్బాయిది బజార్లో మందుల షాపు. దుర్భిణి కౌంటరు మీద పెట్టి, ఆలస్యమైనందుకు క్షమించమన్నాను. ఆయనకి అరవై ఉంటాయి. దాన్ని ముట్టుకోలేదు. షాపు కుర్రాడికి అప్పజెప్పి, నన్ను ఇంటికి తీసుకెళ్ళి, ఒక బిస్కెట్ల డబ్బా తెచ్చి ముందు పెట్టాడు. లోపల పోస్టుకార్డులు. పదిహేను పైసల కార్డులు కొన్ని, ఆ తర్వాతవి కొన్ని, మొత్తం పద్నాలుగు. గుండ్రటి చేతిరాత.

'మాస్టారికి నమస్కారములు. సెప్టెంబరు 24న చూశాను. గూడబాతులు వచ్చాయి. పడమటి చింతచెట్టు మీద తొమ్మిది. ఎర్రకాళ్ళ కొంగలు ఇంకా రాలేదు. మీ దుర్భిణి క్షేమం. వచ్చేసారి తప్పక ఇచ్చేస్తాను.'

ప్రతి కార్డులోనూ తేదీ, చెట్టు, లెక్క. ప్రతి కార్డులోనూ వచ్చేసారి తప్పక.

1986లో తాతకి టెక్కలి నుంచి బదిలీ అయింది. ఆ తర్వాత కూడా ఏటా వర్షాకాలం చివర్లో మామ్మ ఒక పూట టెక్కలి వెళ్ళొచ్చేది. అక్కడ వాళ్ళ అక్క ఉండేది. అక్కని చూడటానికి అని ఇంట్లో చెప్పేది, మేమూ అదే అనుకున్నాం. అక్కింట్లో కాఫీ తాగి, బస్సెక్కి పక్కనున్న పిట్టల ఊరు తేలినీలాపురం పోయి, ఎవరి పెరట్లోనో నిలబడి పిట్టల్ని లెక్కపెట్టుకుని సాయంత్రానికి ఇంటికొచ్చేదని ముప్ఫై ఏళ్ళ తర్వాత మందుల షాపాయన చెప్తే తెలిసింది. మాస్టారు ఆ తేదీలన్నీ తన నోట్సులోకి ఎక్కించుకునేవారట. "మీ మామ్మగారి లెక్క తప్పదు అనీవారండి నాన్న. ఎప్పుడన్నా ఆయన లెక్కా ఆవిడ లెక్కా తేడా వస్తే, మళ్ళీ వెళ్ళి చూసొచ్చి, ఆవిడదే కరెక్టు అనీవారు."

చుట్టాలు పొగిడిన జాబితాలో ఈ ఒక్కటీ లేదు. ఆవిడకి నిజంగా వచ్చిన విద్య ఇదే.

ఆయన స్కూటర్ మీద తేలినీలాపురం తీసుకెళ్ళాడు. ఊరి మధ్యనే చెట్లు, చెట్ల నిండా పిట్టలు, కిందంతా సున్నం కొట్టినట్టు తెలుపు, ముక్కు బద్దలయ్యే చేపల వాసన. ఊళ్ళో ఎవరూ ఆ వాసన పట్టించుకోవడం లేదు. ఆ పిట్టలు రాకపోతే ఊరికి మంచిది కాదంటారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి ఈ వైపు ఎన్ని చెట్లు పోయాయో లెక్కలేదు. మామ్మ కార్డులో 'పడమటి చింతచెట్టు' ఏదో ఎవరూ చూపించలేకపోయారు. దుర్భిణిలో ఒక కంటికి బూజు పట్టింది. రెండో కన్ను పెట్టి చూశాను. ఒక గూడబాతు ముక్కున పుల్ల కరుచుకుని కొమ్మ మీద వాలబోయి, బరువు ఆగక మళ్ళీ లేచి, చుట్టూ తిరిగి మళ్ళీ వాలింది. గూట్లో ఉన్నది ఆ పుల్లని అందుకుని, అటు గుచ్చి, ఇటు గుచ్చి, నచ్చక తీసి, మళ్ళీ గుచ్చింది. నేను లెక్క మొదలుపెట్టాను గానీ ఇరవై దాటాక ఎక్కడున్నానో మర్చిపోయాను.

దుర్భిణి ఇచ్చేశాను. ఆయన తీసుకున్నాడు. ఉంచుకోమంటాడేమోనని లోపల చిన్న ఆశ ఉండింది, చెప్పకేం. కార్డులు మాత్రం ఫోన్లో ఫొటోలు తీసుకోనిచ్చాడు.

సంవత్సరీకం ముందు రోజు రాత్రి శ్రీకాకుళంలో, ఇంట్లో, నేలమీద కూర్చుని పుస్తకం కోసం కాగితాలు సర్దుతున్నాను. రిజిస్టరు మరోసారి చూశాను. 'సూది 1 – కో.' తెచ్చినప్పుడు వేసిన తేదీ 1991 మార్చి. తాత రిటైరైంది 1990లో. అప్పటికే ఈ ఇంట్లో ఉన్నారు. కోటబొమ్మాళి ఎక్కడిది?

మా అమ్మ ఈ ఇంటికి వచ్చింది 1989లో.

రిజిస్టరు మూసి వెనక్కి తిప్పాను. ఎప్పుడో అట్ట ఊడిపోతే నీలం దారంతో మామ్మే కుట్టుకుంది. ఏడాదిగా చూస్తున్న కుట్టే. చివరి ముడి దగ్గర, అట్టకీ గుడ్డకీ మధ్య వేలికి ఏదో గట్టిగా తగిలింది. గోటితో లాగితే సూది వచ్చింది. సగం తుప్పు, కన్నంలో ఇంకా బెత్తెడు నీలం దారం. పొందూరు, విజయనగరం, టెక్కలి అన్నీ నాతో పాటే తిరిగింది.

అమ్మ వంటింట్లో పనసపొట్టు కొడుతోంది. వెళ్ళి, "నీ సూది" అని చాపాను.

అమ్మ చూసింది. రిజిస్టరు చూసింది. 'కో.' మీద ఆగింది. కోడలు. పెళ్ళైన కొత్తలో పుట్టింటి నుంచి తెచ్చుకున్న సూదుల పొట్లంలో ఒకటి పోతే, అత్తగారు తీశారని అనలేక, తీయలేదనుకోలేక అమ్మ ఎన్నాళ్ళు గింజుకుందో నాకు తెలుసు. ముప్ఫై ఏళ్ళలో నాకే పదిసార్లు చెప్పింది.

చెయ్యి కడుక్కుని కొంగుకి తుడుచుకుంది. నేను ఇంకా సూది పట్టుకునే ఉన్నాను.

"రాత్రిపూట సూదేటే? చేతికివ్వకు," అంది. "కింద పెట్టు."

గట్టు మీద పెట్టాను. తీసుకుని, వెలుతురు వైపు తిప్పి, దారం చూసి, జాకెట్టుకి గుచ్చుకుంది. "పెన్ను ఇలా తే" అని, చివరి గడిలో తేదీ తనే వేసింది.